నీటికుక్కకు మందు

జంపాకి వచ్చిన చిక్కు అరచేతిలో పట్టేంత చిన్నది. దికీ అవ్వ దాన్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చింది.

మఠం వంటశాల వెనక మెట్ల మీద కూర్చుని అతను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. వాన అప్పుడే తెరిపిచ్చింది. కింద టీ తోటల్లోంచి మంచు పొగలాగా పైకి లేస్తోంది. అవ్వ అతని ఎదురుగా చతికిలబడి గుడ్డ విప్పింది.

"కాంఛీ మేత ముట్టడం లేదు బాబూ. డాక్టరువి కదా, ఒక్కసారి చూడు."

కాంఛీ అంటే ఆ డార్జిలింగ్ కొండల్లో ఇంటి ఆఖరి ఆడపిల్లని పిలిచే పిలుపు. అవ్వగారి కాంఛీ మాత్రం ఒక నీటికుక్క. పేరుకే కుక్క. చూడ్డానికి బల్లిలా ఉంటుంది గాని బల్లికి చుట్టం కాదు, కప్పకి చుట్టం. తడి లేకపోతే బతకదు. ముదురు గోధుమరంగు ఒళ్లు, రెండు పక్కలా వరసగా బొడిపెలు, పారలాగా వెడల్పయిన తల, ఒంటితో సమానంగా తోక. చదువుకున్నవాళ్లు న్యూట్ అంటారు.

బజారు దగ్గర చెరువు పూడ్చి జీపులు నిలబెట్టే చోటు చేసినప్పుడు, ఆ బురదలో దారి తెలియక పాకుతున్న రెండింటిని అవ్వ కొంగులో వేసుకొచ్చింది. పూర్వం మఠంలో గుర్రాలు నీళ్లు తాగిన రాతితొట్టి ఖాళీగా ఉంటే అందులో పెట్టుకుంది. భర్త పోయాడు. ఉన్న ఒక్క కూతురూ కాన్పులో పోయింది. ఆ తరవాత మఠంలో వంట చేస్తూ ఇక్కడే ఉండిపోయిన మనిషి. పొద్దున్నే టీ కాచి, తొట్టి దగ్గరికెళ్లి వాటితో నాలుగు మాటలు మాట్లాడితే గాని ఆవిడకి తెల్లారినట్టుండదు. రెండింటిలో ఒకటి కిందటి చలికాలం పోయింది. మిగిలింది ఇదే.

జంపా కత్తి పక్కన పెట్టి చూశాడు. చూస్తూనే తెలిసిపోయింది. తుంటి దగ్గర చర్మం వదులై వేలాడుతోంది. పక్కటెముకలు బయటపడ్డాయి. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. గుడ్డ మీద జిగటగా కాస్త పెంట పడి ఉంది, అందులో తెల్ల దారప్పోగుల్లాంటివి కదులుతున్నాయి.

పురుగులు. కడుపునిండా.

దూడల్లో చూశాడు, కుక్కపిల్లల్లో చూశాడు, కోడిపిల్లల్లో చూశాడు. కొద్దిగా ఉంటే ఏ ప్రాణైనా వాటిని మోసుకుంటూనే బతికేస్తుంది. ఇలా పెరిగిపోయాయంటే తిన్న తిండి వాటికే సరిపోతుంది. మందు వేస్తే బతుకుతుంది. ఆ మందు ఏదో, ఎంత వెయ్యాలో కూడా అతనికి తెలుసు.

"ఏమైంది బాబూ?"

"వయసైపోయింది అవ్వా," అన్నాడు జంపా.

అవ్వ కాసేపు అతని మొహంలోకి చూసింది. తరవాత గుడ్డని జాగ్రత్తగా మడిచి, "సరేలే," అని లేచింది. మెట్లు దిగుతూ గుడ్డలో ఉన్నదానితో ఏదో చెబుతూ వెళ్లింది. జంపా కత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కాని సగం చెక్కిన దుంప చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మఠానికి రాకముందు అతని పేరు వీరభద్రం. గోదావరి డెల్టాలో పశువుల డాక్టరు. హస్తవాసి మంచిదని పేరు. అడ్డం తిరిగిన దూడని గేదె కడుపులోంచి బతికించి తీశాడని పక్క ఊళ్లవాళ్లు కూడా చెప్పుకునేవాళ్లు.

ఒక ఏడాది కోళ్లకి జబ్బొచ్చింది. జబ్బు పడిన షెడ్డు చుట్టుపక్కల ఎక్కడ కోడి కనబడినా చంపి పూడ్చెయ్యమని ఆదేశం వచ్చింది. అది తప్పు ఆదేశమేమీ కాదు. ఆ జబ్బు అలాగే పాకితే, మనుషులకి కూడా అంటుకుంటే, ఇంకా ఘోరం. ఊరివాళ్లని కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పి ఒప్పించింది వీరభద్రమే. తెల్ల తొడుగులేసుకుని షెడ్డు తరవాత షెడ్డు తిరిగాడు. గోతులు నిండాయి. పైన సున్నం చల్లారు. ఆఖరికి పెరటికోళ్ల వంతు వచ్చింది. ఒక ముసలావిడ తన పెట్టని తనే ఎత్తుకొచ్చి అతని చేతుల్లో పెట్టి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ పెట్ట బెదరలేదు. కొట్టుకోలేదు. అతని మోచేతి వంపులో సర్దుకుని కూర్చుంది.

ఆ తరవాత అతను ఉద్యోగం చెయ్యలేకపోయాడు. కడిగిన చేతులే మళ్లీ కడిగేవాడు. కంచం ముందు కూర్చుంటే మోచేతి దగ్గర ఆ బరువు తెలిసేది. సెలవు పెట్టి ఎక్కడెక్కడో తిరిగి తిరిగి ఈ కొండ ఎక్కాడు.

ఈ మఠానికి పెద్ద నోర్బు లామా. డెబ్బై దాటినవాడు. లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీ తప్ప ఇద్దరికీ కలిసే భాష లేదు, అందుకని ఆయన ఏ మాటైనా పొడిపొడిగానే అంటాడు. మొదటిరోజు వీరభద్రం తన కథంతా చెప్పుకుంటే ఆయన ఆసాంతం విని, "టీ తాగు," అన్నాడు. అంతే. వీరభద్రం ఉండిపోయాడు. కొన్నేళ్లకి దీక్ష ఇచ్చి జంపా అని పేరు పెట్టాడు. వాళ్ల భాషలో ప్రేమ అని అర్థం.

ప్రాణం తియ్యనన్న మాటని జంపా మునిగిపోయేవాడు కొయ్యని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నీళ్లు వడగట్టకుండా తాగడు. చీమల బారు కనబడితే చుట్టూ తిరిగి వెళ్తాడు. దీపంలో పురుగులు పడకుండా గాజుబుడ్డి బోర్లిస్తాడు. ఈ కొండ ఎక్కాక తన చేతుల మీదుగా ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ సంగతి తలుచుకునే అతను కన్ను మూస్తాడు, ఆ సంగతి తలుచుకునే లేస్తాడు.

మర్నాడు పొద్దున్న నోర్బు లామా వసారాలో కూర్చుని టీ తాగుతున్నాడు. గిన్నెని రెండు చేతులతో పట్టుకున్నా తొణుకుతోంది. ఆ వణుకు ఆయనకి కొన్నేళ్లుగా ఉంది. మోకాళ్ల మీద ఒక తువ్వాలు పరుచుకుని, ఒలికింది ఒలకగా మిగిలింది తాగుతాడు.

జంపా వచ్చి కింద కూర్చున్నాడు.

"గురువుగారూ, ఒక సందేహం."

ఆయన తలూపాడు.

"ఒక ప్రాణిని బతికించాలంటే కొన్ని వందల ప్రాణుల్ని చంపాలి. చంపకపోతే ఆ ఒక్కటీ దక్కదు. దీక్షలో ఉన్నవాడు ఏం చెయ్యాలి?"

"ఆ ఒక్కటి ఏది?"

"దికీ అవ్వ నీటికుక్క."

"వందలు?"

"దాని కడుపులో పురుగులు."

నోర్బు లామా ఒక గుక్క తాగాడు. జంపా ఎదురుచూశాడు. పెద్దలు దీనికి ఎక్కడో ఒకచోట జవాబు చెప్పే ఉంటారు. ఆ మాట ఏదైనా సరే తలవంచుకుని వినడానికి సిద్ధపడే వచ్చాడు. చెయ్యి అంటే ఎందుకు చెయ్యకూడదో, వద్దు అంటే ఎందుకు చెయ్యాలో కూడా ముందే ఆలోచించుకుని వచ్చాడు.

"మందు ఉందా?" అన్నాడు లామా.

"ఉంది. కింద బజార్లో పశువుల మందుల కొట్లో దొరుకుతుంది."

"ఎలా వెయ్యాలి?"

జంపా చెప్పాడు. చెబుతుంటే తనకి తెలియకుండానే గొంతు మారింది. ఆవులకిచ్చే మందే, కాని ఒక్క చుక్క తీసి దానికి పది చుక్కల ఊటనీళ్లు కలపాలి. అందులోంచి మళ్లీ ఒకే ఒక్క చుక్క నోట్లో వెయ్యాలి. ఎక్కువైతే ప్రాణానికే ముప్పు, దాని ఒళ్లు అంత చిన్నది. పొడిచేత్తో ముట్టుకోకూడదు, చర్మం చాలా సున్నితం. దాన్ని పట్టుకున్న చేత్తో మన కళ్లు నులుముకోకూడదు, ఒంటి మీది జిగురు మండుతుంది. మందు వేశాక తొట్టిలో కాకుండా శుభ్రమైన బేసిన్లో, తడిపిన తెల్లగుడ్డ మీద ఉంచాలి. గుడ్డ రోజూ మార్చాలి, లేకపోతే తన పెంటలోంచే పురుగు మళ్లీ లోపలికి పోతుంది. రెండు వారాలాగి ఇంకోసారి వెయ్యాలి, గుడ్లలోంచి కొత్తగా పుట్టినవి ఉంటాయి కాబట్టి.

లామా ప్రతి మాటా శ్రద్ధగా విన్నాడు.

"నువ్వు వెయ్యవు."

"నా వల్ల కాదు గురువుగారూ."

"అవ్వకి ఏం చెప్పావు?"

జంపా తల వంచుకున్నాడు. "వయసైపోయిందన్నాను."

నోర్బు లామా తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. గిన్నె కింద పెట్టి, కాలితో వెతుక్కుని చెప్పులు తొడుక్కున్నాడు. స్తంభం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"నాకు నేర్పు," అన్నాడు.

జంపాకి అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయన చేతికర్ర పట్టుకుని వాకిలి దాటుతున్నాడు. బజారుకెళ్లే జీపు మలుపు దగ్గర ఆగుతుంది. అక్కడిదాకా దిగుడుదారి, వానకి పాచి పట్టి ఉంది. ఆయన మోకాళ్లకి మెట్లంటేనే పడదు. జంపా వెనకే వెళ్లి, "నేను తెస్తాను గురువుగారూ," అందామనుకున్నాడు. కాని వాకిలి దగ్గరే ఆగిపోయాడు. మందు తెచ్చినవాడు వెయ్యకుండా ఎలా ఉంటాడు?

లామా మధ్యాహ్నం దాటాక వచ్చాడు. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. పడ్డట్టున్నాడు, ఒక పక్క బట్టంతా బురద. చంకలో పెద్ద సీసా.

"కొట్టువాడు ఎన్ని ఆవులని అడిగాడు," అన్నాడు వసారాలో కూర్చుంటూ. "ఒక్కటే, జానెడుంటుంది అని చెప్పాను."

జంపాకి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని బురద బట్ట అందుకున్నాడు.

దికీ అవ్వ కాంఛీని తెచ్చి ఒక పక్కగా కూర్చుంది. మందు వేద్దామని లామా ఆవిడకి చెప్పాడు, అంతకుమించి చెప్పలేదు. ఆవిడ జంపా వంక చూడలేదు. ఊటనీళ్లు, దూదిపుల్ల, మందుల కొట్టువాడిచ్చిన సన్నటి చుక్కలగొట్టం, అన్నీ పీట మీద పెట్టారు. జంపా రెండు చేతులూ పైబట్టలో ముడుచుకుని లామా పక్కన కూర్చున్నాడు.

"ముందు చేతులు తడుపుకోండి గురువుగారూ."

ఆయన తడుపుకున్నాడు.

"ఎడమచేత్తో దాన్ని గుడ్డతో సహా పట్టుకోండి. గట్టిగా వద్దు. తల మాత్రం బయటికి రావాలి."

తల బయటికొచ్చింది. కాంఛీకి విదిలించుకునే ఓపిక కూడా లేదు. నల్లటి కళ్లతో ఎటో చూస్తోంది.

"పుల్లతో నోటి పక్కన మెల్లగా తాకండి. తెరుస్తుంది."

పుల్ల వణుకుతూ వెళ్లి ముక్కుకి తగిలింది. తరవాత కంటి దగ్గరికి పోయింది. లామా ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చుక్కలగొట్టం దగ్గరికొచ్చింది. చుక్క జారి ఆయన మోకాలి మీద పడింది.

"ఫరవాలేదు. ఇంకోటి తీసుకోండి," అన్నాడు జంపా.

రెండోది గుడ్డ మీద పడింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఆ చేతులు ఒకప్పుడు ఇసకతో, రంగుపొడులతో వెంట్రుకవాసి గీతలు వేసి ముగ్గుల్లాంటి మండలాలు చేసిన చేతులు. ఆయన సిగ్గుపడలేదు, విసుక్కోలేదు. పక్కనున్నవాణ్ని సాయం అడగనూ లేదు. పిల్లవాడు ఓనమాలు దిద్దుతున్నట్టు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తున్నాడు.

"కొంచెం ఎడమకి. ఎడమకి గురువుగారూ. ఇంకాస్త పైకి."

చుక్కలగొట్టం మీద ధ్యాస పెట్టేసరికి ఎడమచెయ్యి బిగుసుకుంది. ఆయన బొటనవేలు కాంఛీ పక్కటెముకల మీద అదుముకుంటోంది. ఆ సంగతి ఆయనకి తెలియడం లేదు. నీటికుక్క నోరు బాగా తెరిచింది, మందు కోసం కాదు, ఊపిరాడక. ముందుకాళ్ల వేళ్లు విచ్చుకున్నాయి.

అవ్వ గొంతులోంచి చిన్న మూలుగు వినబడింది.

జంపా చేతులు పైబట్టలోంచి ఎప్పుడు బయటికొచ్చాయో అతనికి తెలియదు. ఒక చేత్తో లామా బొటనవేలిని సడలించాడు. ఇంకో చేత్తో ఆయన మణికట్టు కిందనుంచి పట్టుకున్నాడు. ముసలి ఎముకల్లోని వణుకు అతని అరచేతిలోకి వచ్చి, అక్కడ ఆగింది. చుక్కలగొట్టం కదలకుండా నిలబడింది. చుక్క తిన్నగా నోట్లోకి జారింది. కాంఛీ గుటక వేసింది.

జంపా ఇంకా ఆ మణికట్టు పట్టుకునే ఉన్నాడు.

"ఇప్పుడు?" అన్నాడు లామా.

"ఇప్పుడు బేసిన్లో పెట్టాలి," అన్నాడు జంపా. అతనే పెట్టాడు.

ఒకరోజు గడిచింది. ఆ మరుసటి పొద్దున జంపా ప్రార్థనకి గంట కొట్టి వసారాలోకి వచ్చేసరికి నోర్బు లామా అప్పటికే బేసిన్ గుడ్డ మార్చేసి ఉన్నాడు. మార్చిన గుడ్డని పారెయ్యలేదు. పీట మీద పరిచాడు. తెల్లటి గుడ్డ మీద తెల్లటి పోగులు, ఇప్పుడు కదలడం లేదు. వాటి ముందు వెన్నదీపం వెలుగుతోంది. లామా కళ్లు మూసుకుని చదువుతున్నాడు.

జంపాకి ఆ మంత్రం తెలుసు. కిందటి నెల టీ తోటలో కొండచరియ విరిగిపడి ఒక కూలిమనిషి పోతే, ఆ ఇంట్లో కూర్చుని ఆయన చదివింది అదే. అదే గొంతు. అంతే నెమ్మది. ఒక్క పాదం తగ్గించలేదు.

జంపా స్తంభం దగ్గరే నిలబడ్డాడు. ముగించాక లామా కళ్లు తెరిచాడు.

"ఆ కోళ్లు," అన్నాడు.

"ఏ కోళ్లు గురువుగారూ?"

"నీ కోళ్లు. వాటి కోసం ఎవరైనా కూర్చున్నారా?"

జంపా లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ కథ మళ్లీ ఎత్తడం ఇదే మొదటిసారి. ఆయనకి గుర్తుందని కూడా జంపా అనుకోలేదు.

లామా చేతులు నేలకానించి, చాప మీద ఒక పక్కకి జరిగాడు. తన పక్కన ఖాళీ అయిన చోటుని అరచేత్తో తట్టాడు.

"కూర్చో."

జంపా కూర్చున్నాడు. ఆయన మంత్రం మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. జంపా గొంతు కలిపాడు. కొంతదూరం బాగానే సాగింది. తరవాత అతను ఆగిపోయాడు. షెడ్లు కళ్లముందుకి వచ్చాయి, సున్నం వచ్చింది, తలుపేసుకున్న ముసలావిడ వచ్చింది. ఉద్యోగం వదిలిన రోజున, ఇల్లు వదిలిన రోజున, దీక్ష తీసుకున్న రోజున రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఒక చెయ్యి మోచేతి దగ్గర మడిచి ఒళ్లోకి తీసుకుని, ముందుకి వంగిపోయి ఏడ్చాడు.

లామా ఆపలేదు. ఓదార్చనూ లేదు. జంపా వదిలేసిన పాదాలని కూడా తనే చదువుకుంటూ పోయాడు, ఒకరి బరువు ఇంకొకరు కాసేపు మోసినట్టు. దీపం కొండెక్కేవేళకి జంపా గొంతు మళ్లీ వచ్చి కలిసింది.

తరవాత ఇద్దరూ ఆ గుడ్డని తీసుకెళ్లి పెరట్లో గొయ్యి తీసి కప్పెట్టారు.

ఆరోజే జంపా రాతితొట్టి ఖాళీ చేశాడు. అడుగున ఎన్నాళ్లదో పాచి, కుళ్లిన ఆకులు. మరిగే నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, మళ్లీ మరిగే నీళ్లు పోశాడు. దికీ అవ్వ నీళ్లు కాచి మోసుకొచ్చి ఇస్తోంది.

"అవ్వా," అన్నాడు జంపా తొట్టిలోంచి తలెత్తకుండా. "ఆవేళ నేను అబద్ధం చెప్పాను. దానికి వయసైపోలేదు."

"తెలుసులే," అంది అవ్వ.

"తెలుసా?"

"ముసలితనం ఎలా ఉంటుందో నాకు తెలీదా బాబూ? అది నాకంటే చాలా చిన్నది." బిందె దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నీకు ఏదో కష్టంగా ఉందనుకున్నాను. అందుకే సరేలే అని వచ్చేశాను. దాని దగ్గర కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చాననుకో, అది వేరే సంగతి."

జంపా పీచు నీళ్లలో ముంచి మళ్లీ రుద్దసాగాడు. అవ్వ అతని వీపు మీద తట్టి, "ఆ మూల ఇంకా పాచి ఉంది చూడు," అంది.

రెండు వారాలు గడిచాయి. రెండోసారి మందు వెయ్యాల్సిన పొద్దున జంపా పీట వేసి, నీళ్లు పెట్టి, లామా కోసం చూశాడు. అవ్వ ఒక్కతే వచ్చింది.

"లామాగారు టీ తాగుతున్నారు. నిన్ను కానిచ్చెయ్యమన్నారు."

జంపా కాసేపు వాకిలి వైపు చూశాడు. తరవాత చేతులు తడుపుకున్నాడు. కాంఛీని తీసి అరచేతిలో పెట్టుకుంటే ఈసారి అది విదిలించుకోబోయింది. తోకతో అతని మణికట్టు మీద కొట్టింది. అతని చేతులు వణకలేదు. చుక్క పడింది. దాన్ని బేసిన్లో దించి, కూర్చున్నచోటే కళ్లు మూసుకుని, చనిపోబోయేవాటి కోసం ఆ మంత్రం మొదటినుంచి చివరిదాకా చదివాడు. అవ్వ కూడా చేతులు జోడించుకుని కూర్చుంది.

వారం తిరక్కముందే కాంఛీ తుంటి దగ్గర చర్మం బిగిసింది. పొట్ట లోపలికి పోయింది. ఒక సాయంత్రం మళ్లీ రాతితొట్టిలోకి మార్చారు. నీళ్లలో పెట్టగానే తోక ఒక్కసారి అటూ ఇటూ ఆడించి అడుగుదాకా ఈదింది. పైకొచ్చి రాతి అంచు మీద తల ఆనించి, ఎదురుగా వంగి చూస్తున్న జంపా వేలు ఎటు కదిలితే అటు తల తిప్పింది.

"ఆకలేస్తోంది దానికి," అంది అవ్వ. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకి ఆకలేస్తోంది. ఉండు, వానపాములు తవ్వుకొస్తాను. ఆవులపాక వెనక తడినేలలో బోలెడుంటాయి."

లేవబోయి నడుం పట్టేసి మళ్లీ కూలబడింది. తొట్టి కడిగిన నాడు బిందెలు మోసినప్పటినుంచీ ఆ నడుం అలాగే ఉంది.

"బతికున్నవే కావాలా అవ్వా?" అన్నాడు జంపా.

"కదలనిది అది ముట్టదు బాబూ."

నోర్బు లామా అప్పుడే కర్ర ఊతంగా పెరట్లోకి వచ్చి తొట్టి అవతల నిలబడ్డాడు. జంపా ఆయన వంక చూశాడు. అడగవలసిన ప్రశ్న ఉంది. వసారాలో అడిగినదానికంటే కష్టమైనదే. ఆయన కూడా అతని వంక చూశాడు. తొందరేమీ లేనట్టు, అడిగినా అడగకపోయినా అక్కడే నిలబడి ఉంటానన్నట్టు.

సన్నగా జల్లు మొదలైంది. కాంఛీ తల ఎత్తి నోరు కొద్దిగా తెరిచి మూసింది.

జంపా వంటశాల గోడకి ఆనించిన చిన్న గునపం తీసుకున్నాడు. ఒక మట్టిమూకుడు తీసుకున్నాడు. పైబట్ట ఎగదోసి ఆవులపాక వైపు నడిచాడు.

కొంతదూరం వెళ్లాక వెనకనుంచి గురువుగారి గొంతు వినబడింది.

"చిన్నవి చూసి తే. దాని నోరు చిన్నది."